మాయలో మొదలయ్యే బీపీ

ఫార్మాలిన్‌లో మునిగి, ప్లాస్టిక్ డబ్బాలో ఒక మాయ మా ల్యాబ్‌కు వచ్చింది. హన్మకొండలో నా పని అదే. ఆపరేషన్ల తర్వాత, కాన్పుల తర్వాత ఒంట్లోంచి బయటికొచ్చిన ముక్కలను కోసి, పలుచని పొరలు తీసి, రంగులద్ది, మైక్రోస్కోప్ కింద పెట్టి చదవడం. డబ్బాతో వచ్చిన కాగితం మీద రెండే లైన్లు: తొలి కాన్పు, 31 వారాలు. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, అంటే కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ఒక బీపీ జబ్బు. మన దగ్గర శాంపిల్ మోసుకొచ్చేది ఎక్కువగా ఇంటివాళ్ళే. ఈ డబ్బా పట్టుకొచ్చింది ఆ అమ్మాయి అత్తగారు. రసీదు చేతికిచ్చినా కదల్లేదు.

"పచ్చడి లేంది ముద్ద దిగకపోయేది మేడమ్ దానికి. ఉప్పు తినుడుతోనే గిట్లయింది గదా?"

కాదు పెద్దమ్మా, అన్నాను. ఎందుకు కాదో నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు. పాప బాక్సుల ఉన్నదని, మళ్ళీ పోవాలని ఆమె తొందర ఆమెది. ఆమెకు బాకీపడ్డ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. కడుపుతో ఉన్నప్పుడు కనిపించే బీపీ అంతా ఒకటే జబ్బు కాదు. గర్భానికి ముందు నుంచే బీపీ ఉన్నవాళ్ళు కొందరు. 20 వారాలు దాటాక 140/90 చేరి, మరే ఇబ్బందీ లేకుండా కాన్పు తర్వాత తగ్గిపోయేవాళ్ళు మరికొందరు. బీపీతో పాటు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, ప్లేట్‌లెట్లు పడిపోవడమో, కాలేయం, కిడ్నీ, మెదడు దెబ్బతినడమో కనిపిస్తే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ప్రపంచంలో నూటికి 2 నుంచి 8 మంది గర్భిణుల్లో ఇది వస్తుంది. ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. మన పాతవాళ్ళు దాన్నే గుర్రపువాతం అన్నారు. పాత బీపీ మీద కొత్తగా ప్రీఎక్లాంప్సియా వచ్చి కూర్చోవడమూ ఉంది.

ఎక్లాంప్సియా అన్నది గ్రీకు మాట. ఉన్నట్టుండి మెరిసే మెరుపు అని అర్థం. వైద్యానికి అది నిజంగానే ఆకాశంలోంచి ఊడిపడ్డ మెరుపులా ఉండేది. రక్తంలో ఏదో విషం చేరిందని ఒక తరం నమ్మి దానికి టాక్సీమియా అని పేరు పెట్టింది. నేను చదువుకునే రోజుల్లో పెద్ద సిస్టర్లు కేస్ షీట్ మీద ఇంకా అదే మాట రాసేవాళ్ళు. కారణం తెలియక రోజుకో వాదం పుట్టుకొచ్చేది కాబట్టి జర్మన్ వైద్యుడు త్స్వైఫెల్ 1916లో దీన్ని సిద్ధాంతాల రోగమని ఎగతాళి చేశాడు. ఆ విషం మాట పూర్తిగా తప్పు కాదని తేలడానికి ఇంకో 87 ఏళ్ళు పట్టింది. ఆ కథ కొంచెం ఆగి చెబుతాను.

బిడ్డ లేకున్నా వచ్చే జబ్బు

మూలం మాయలోనే ఉందని అనడానికి నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ముత్యాల గర్భం. అందులో చాలాసార్లు బిడ్డే ఉండదు. గర్భసంచి నిండా నీటి బుడగల్లా ఉబ్బిన మాయ కణజాలం మాత్రం ఉంటుంది. అయినా ఆ స్త్రీకి బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, కొన్నిసార్లు 20 వారాలు నిండకముందే. ఆ కణజాలం తీసేస్తే నిమ్మళిస్తుంది. అంటే ఈ జబ్బుకు బిడ్డ అవసరం లేదు.

గర్భసంచి కూడా అవసరం లేదు. చాలా అరుదుగా పిండం గర్భసంచి బయట, పొట్టలోనే పెరుగుతుంది. అక్కడా ప్రీఎక్లాంప్సియా రావచ్చు. బిడ్డను తీసి, మాయను కోస్తే రక్తం ఆగదని లోపలే వదిలేయాల్సి వచ్చిన సందర్భాల్లో బిడ్డ బయటికొచ్చాక కూడా బీపీ దిగకుండా సాగడం చూశారు. కవలలైతే మాయ భారం ఎక్కువ, ముప్పూ ఎక్కువే. ఇవన్నీ ఒకే వైపు వేలు చూపిస్తాయి.

మాయను మనం చూసేది అది తన పని ముగించాక. పడిందా, మొత్తం పడిందా అని చూస్తాం. పల్లెల్లో గుంత తీసి మట్టిలో కప్పిపెడతారు. అంతకుమించి దాని ఊసెత్తం. లాటిన్‌లో ప్లాసెంటా అన్న దాని పేరుకు అర్థం రొట్టె. నెలలు నిండిన మాయ చూడటానికీ అలాగే ఉంటుంది: మందపాటి జొన్నరొట్టె అంత వెడల్పు, 20 సెంటీమీటర్ల పైచిలుకు, అరకిలో బరువు. ఒక వైపు నున్నగా, బొడ్డుతాడు మొలిచి ఉంటుంది. రెండో వైపు, తల్లిని అంటుకున్న వైపు, ముదురు ఎరుపులో గరుకుగా గడ్డలు గడ్డలుగా ఉంటుంది. లోపల చెట్టు కొమ్మల్లా చీలిన సన్నని పోగులను కేశాలంటారు, వాటన్నిటినీ పరిస్తే 12 చదరపు మీటర్లకు పైగా వస్తాయి. ఇంట్లో ఒక గది అంత. తల్లి రక్తం ఆ కేశాల చుట్టూ పారుతుంది, బిడ్డ రక్తం వాటి లోపల పారుతుంది, రెండూ కలవవు.

ఒక మాట మరిచిపోతుంటాం. మాయ తల్లిది కాదు. బిడ్డ ఏ పిండం నుంచి పుట్టిందో మాయా అందులోంచే పుట్టింది. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి. కొత్త ఇంటికి వచ్చి అక్కడి నీటి సరఫరాను తనకు కావాల్సినట్టు మార్చుకునే మనిషిలాంటిది. అత్తగారి ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

తూము, పైపు, మడి

గర్భసంచి గోడలోంచి మాయ వైపు వచ్చే రక్తనాళాలు స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటాయి. సుమారు వంద. మామూలు రోజుల్లో అవి సన్నగా, గోడలో కండరంతో బిగిసి ఉంటాయి. తల్లి ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే ముడుచుకుంటాయి. బిడ్డకు ఇలాంటి నాళాలతో పొద్దు గడవదు. నెలలు నిండేసరికి మాయకు నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం ఆగకుండా కావాలి.

అందుకని మాయ అంచు కణాలు కొన్ని ఊడి, తల్లి కండలోకి చొచ్చుకుపోతాయి. నాకు తెలిసిన జీవశాస్త్రంలో ఇంత ధైర్యమైన పని మరొకటి లేదు. క్యాన్సర్ కణాలు చేసేదీ ఇంచుమించు ఇదే. తేడా ఏమంటే ఇవి ఎక్కడ ఆగాలో ఎరిగినవి. మొదటి వారాల్లో ఈ కణాలు మెలికల నాళాల మూతులకు అడ్డం పడి తూముకు తలుపు వేసినట్టు మూసేస్తాయి. తొలి రెండు మూడు నెలలు బిడ్డకు ప్రాణవాయువు తక్కువగా అందడమే మేలు. 10 నుంచి 12 వారాల మధ్య ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పటికే, ఆ తర్వాత 18-20 వారాల దాకా, ఇవే కణాలు నాళాల గోడల్లోని కండరాన్ని, సాగే నారను కరిగించి వాటి చోట తామే కూర్చుంటాయి. నాళం మూతి గరాటులా 5 నుంచి 10 రెట్లు వెడల్పవుతుంది. ఇక అది తల్లి నరాల మాట వినదు. ముడుచుకోదు.

వెడల్పు చేసేది ఎక్కువ రక్తం రావడానికే అని చాలాకాలం అనుకున్నాం, నేనూ అలాగే చదువుకున్నాను. కేంబ్రిడ్జ్‌లో గ్రాహం బర్టన్ బృందం 2009లో లెక్కలు కట్టి వేరే సంగతి చూపించింది. వెడల్పు వల్ల పరిమాణం కన్నా వేగం ఎక్కువ మారుతుంది. మూతి గరాటులా ఉంటే రక్తం సెకనుకు 10 సెంటీమీటర్ల నెమ్మదితో వచ్చి కేశాల మధ్య పరుచుకుంటుంది. సన్నగానే మిగిలితే సెకనుకు ఒకటి రెండు మీటర్ల ధారగా దూకుతుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. నర్సంపేట వైపు పొలాలకు వెళ్ళి బోరు మోటారు పైపు మడిలో పడే చోటు చూడండి. నీళ్ళు నేరుగా పడనిస్తే మట్టి లేచిపోయి గుంత పడుతుంది, చుట్టూ నారు కొట్టుకుపోతుంది. అందుకే రైతు పైపు మూతి కింద రాయో గోనెసంచో వేస్తాడు, లేదా చిన్న తొట్టి కట్టి దాన్ని పొర్లిస్తాడు. నీళ్ళు అవే. దూకుడు తగ్గాలి. ప్రీఎక్లాంప్సియాలో ఆ తొట్టి కట్టే పనే సగంలో ఆగింది. కణాలు లోతుగా వెళ్ళలేదు. నాళాలు సన్నగా, బిగువుగా మిగిలిపోయాయి. రక్తం ఒకసారి ధారగా దూకి కేశాలను చీలుస్తుంది, ఒకసారి నాళం ముడుచుకుని ఆగిపోతుంది. పారకం ఉండీ లేనట్టే. ఒక్కపెట్టున ఎండ, ఒక్కపెట్టున వాన అయితే మాయ కణాల మీద పడే దెబ్బ రక్తం కేవలం తగ్గినప్పటి కన్నా ఎక్కువ.

ఆ డబ్బాలోని మాయను తూచాను. 200 గ్రాములు కాస్త దాటింది, 31 వారాలకూ అది తక్కువే. కోస్తే ముదురు ఎరుపు మధ్య తెల్లగా, గట్టిగా మూడు నాలుగు చోట్ల ముక్కలు. రక్తం అందక చచ్చిన భాగాలవి. ఎండిపోయిన మడి అన్నమాట. మైక్రోస్కోప్ కింద, తల్లి వైపు అంటుకున్న పొరలో ఒక నాళం దొరికింది. దాని గోడలో కొవ్వు మింగి నురగలా ఉబ్బిన కణాలు. అరవై ఏళ్ళ మనిషి గుండె నాళంలో ఇలాంటి దృశ్యం చూస్తాం. ఈ అమ్మాయికి ఇరవై రెండు. ఆ నాళం వయసు ఏడు నెలలు.

ఆ పని చెడింది మూడో నెలకూ అయిదో నెలకూ మధ్య. బీపీ కనిపించింది ఏడో నెలలో. ఆ అమ్మాయి ఏడో నెలలో తిన్న మామిడికాయ పచ్చడి అప్పటికే జరిగిపోయినదాన్ని ఎలా చేస్తుంది? ప్రీఎక్లాంప్సియా రాకుండా ఉప్పు మానేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పదు, మానేయమనడాన్ని కాదంటుంది. పాత బీపీ ఉన్నవాళ్ళకు ఉప్పు మీద డాక్టర్ చెప్పే మాట వేరే.

ఎనుమాముల పోకముందే

మాయ గర్భసంచిలో ఉంది. బీపీ ఒళ్ళంతా ఉంది. కబురు మోసిందెవరు?

2003లో బోస్టన్‌లో భారతీయ మూలాలున్న కిడ్నీ వైద్యుడు ఆనంద్ కరుమంచి బృందం దాన్ని పట్టుకుంది. ప్రీఎక్లాంప్సియా ఉన్న స్త్రీల మాయల్లో ఏ జన్యువులు అతిగా పనిచేస్తున్నాయో వెతికితే ఒకటి పైకి తేలింది. అది తయారుచేసే ప్రొటీన్ పేరు ఎస్ఎఫ్ఎల్‌టీ-1. పేరు నోరు తిరగదు, పని మాత్రం మన వరంగల్ వాళ్ళకు తేలిగ్గా తెలుస్తుంది.

మన రక్తనాళాల లోపలి పొర తనంతట తాను బాగుండదు. దానికి రోజూ వీఈజీఎఫ్ అనే ఒక పోషక ప్రొటీన్ అందాలి. మాయ నుంచి పీఎల్‌జీఎఫ్ అనే మరొకటీ తోడుంటుంది. ఆ పొర కణాల మీద వీటిని అందుకునే గుమ్మాలు ఉంటాయి. ఎస్ఎఫ్ఎల్‌టీ-1 అచ్చం ఆ గుమ్మంలా ఉంటుంది, కానీ ఏ ఇంటికీ అతికి ఉండదు. రక్తంలో తేలుతూ తిరుగుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు బయల్దేరతాయి, ఊరి పొలిమేరలోనే దళారులు నిలబడి దూది అంతా కొనేస్తారు. యార్డులో కాంటాలున్నాయి, హమాలీలున్నారు, సరుకు మాత్రం చేరదు. సరిగ్గా అలా. నలిగిన మాయ ఈ దళారులను వేల వేలుగా తల్లి రక్తంలోకి వదులుతుంది. వీఈజీఎఫ్ దారిలోనే పట్టుబడి నాళాల పొరకు అందదు.

గర్భంతో ఉన్న ఎలుకలకు ఈ ప్రొటీన్ ఎక్కువయ్యేలా చేస్తే వాటికి బీపీ వచ్చింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది, కిడ్నీలో ప్రీఎక్లాంప్సియాలో కనిపించే మార్పే కనిపించింది. కడుపుతో లేని ఎలుకల్లో కూడా. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే క్యాన్సర్ మందు వాడేవాళ్ళకూ, వాళ్ళు మగవాళ్ళయినా సరే, బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోవడం మనకు తెలిసిన సంగతే. పాతవాళ్ళు వెతికిన విషం ఇదే కావచ్చు. అది బయటి నుంచి రాలేదు. జబ్బు బయటపడటానికి సుమారు 5 వారాల ముందే రక్తంలో ఇది పెరగడం మొదలవుతుందని 2004లో తేలింది. ఇప్పుడు ఎస్ఎఫ్ఎల్‌టీ-1ను పీఎల్‌జీఎఫ్‌తో భాగించి చూసే రక్తపరీక్ష ఉంది. ఆ నిష్పత్తి 38 లేదా అంతకన్నా తక్కువ వస్తే రాబోయే వారం రోజుల్లో ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం దాదాపు లేదని నిశ్చింతగా చెప్పొచ్చు.

ఇక లక్షణాలన్నీ ఒక దారానికి గుచ్చినట్టు అర్థమవుతాయి. నాళాల పొర బాగుంటే నాళాన్ని వదులుగా ఉంచే వాయువును, రసాయనాలను అదే తయారుచేస్తుంది. అది నలిగితే నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. వీఈజీఎఫ్ కోసం మిగతా అందరికన్నా ఎక్కువ ఆకలిగా ఉండేవి సన్నని కిటికీలున్న నాళాలు. అవి కిడ్నీ జల్లెడలో ఉన్నాయి, కాలేయంలో ఉన్నాయి. అందుకే మూత్రంలో అల్బుమిన్ పోతుంది, అందుకే కాలేయం వాస్తుంది. నలిగిన గోడకు ప్లేట్‌లెట్లు అతుక్కుని రక్తంలో తగ్గిపోతాయి. మెదడు నాళాలు కారితే తలపోటు, కళ్ళ ముందు మెరుపులు, చివరికి ఫిట్స్.

కాలేయం వాచి దాని పైపొర సాగితే కుడి పక్కటెముకల కిందో, రొమ్ము కిందనో నొప్పి వస్తుంది. మన ఊళ్ళలో దాని పేరు గ్యాస్. గ్యాస్ మాత్ర వేసుకుని, వాము నమిలి, పడుకుంటారు. ఏడో నెల దాటిన గర్భిణికి ఆ చోట కొత్తగా నొప్పి వస్తే మాత్ర కన్నా ముందు బీపీ మిషన్ వెతకాలి.

ఇంకో మోసం ఉంది. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలోని నీటి భాగం మామూలుగా 40 శాతం పైన పెరుగుతుంది, అందుకని హిమోగ్లోబిన్ కాస్త తగ్గినట్టు కనిపించడమే సహజం. ప్రీఎక్లాంప్సియాలో ఆ నీరు నాళాల్లోంచి కారి కండలోకి పోతుంది. మనిషి బయట పొంగి ఉంటుంది, నాళాల లోపల ఎండి ఉంటుంది. రక్తం చిక్కబడి రిపోర్టులో హిమోగ్లోబిన్ 13 అని వస్తుంది. రక్తహీనత ఇంటింటా ఉన్న జిల్లాల్లో ఆ అంకె చూసి "మస్తు రక్తం ఉన్నది బిడ్డకు" అని సంబరపడతారు. వాచిన మొహంతో, చివరి నెలల్లో వచ్చిన 13 చూస్తే నాకు సంబరం కలగదు. నీరు పోయే మాత్రలు సొంతంగా వేసుకోవద్దనేది కూడా ఇందుకే. అసలే ఎండిన కాలువను ఇంకా ఎండబెట్టడం అవుతుంది. కాళ్ళవాపు ఒక్కటే ఉంటే మాత్రం భయపడక్కర్లేదు, అది కడుపుతో ఉన్న చాలామందికి మామూలే.

తండ్రి వాటా

ఎవరి తప్పు అన్నది మన ఇళ్ళల్లో ఆగే ప్రశ్న కాదు కాబట్టి అదీ చూద్దాం. మాయలో సగం తండ్రిదని చెప్పాను. ఎస్ఎఫ్ఎల్‌టీ-1ను తయారుచేసే జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంది. బిడ్డకు ఆ క్రోమోజోమ్ రెండు బదులు మూడు ఉంటే తల్లికి ప్రీఎక్లాంప్సియా ముప్పు పెరుగుతుంది. జబ్బు తల్లికి, మూలం బిడ్డ జన్యువులో. 2017లో వేలమంది పిల్లల జన్యువులను పరిశీలించినప్పుడు కూడా ఇదే జన్యువు దగ్గరి తేడాలే ఈ జబ్బుతో ముడిపడి కనిపించాయి.

అమెరికాలోని యూటాలో 2001లో ఇంకో సంగతి తేలింది. తాము కడుపులో ఉన్నప్పుడు తల్లికి ప్రీఎక్లాంప్సియా వచ్చిన మగవాళ్ళు పెద్దయ్యాక, వాళ్ళ బిడ్డను మోసే స్త్రీకి కూడా అది వచ్చే అవకాశం ఎక్కువట. అంటే కోడలిని నిలదీసే ముందు అత్తమ్మ తన కాన్పు గుర్తుచేసుకోవాలి. రిపోర్టు కోసం పెద్దమ్మ రెండోసారి వచ్చినప్పుడు అడిగాను, మీ కొడుకు పుట్టినప్పుడు ఎట్లుండె అని. కాసేపు ఆలోచించింది. "కాళ్ళు, మొహం గింత పొంగినయి మేడమ్. ఎనిమిదో నెలల్నే అయిండు. మస్తు నీళ్ళు తాగినవని మా అత్త తిట్టింది."

అయితే అంతా మాయదే అని చెప్పి చేతులు దులుపుకుంటే నేను కూడా త్స్వైఫెల్ ఎగతాళి చేసిన వరుసలో చేరతాను. ఇంతసేపూ చెప్పింది 34 వారాల లోపు వచ్చే తొలి రకానికి బాగా సరిపోతుంది. అది ఈ జబ్బు వచ్చిన పదిమందిలో ఒకరిద్దరికే. ఎక్కువమందికి చివరి నెలలో వస్తుంది, బిడ్డ బరువూ బాగానే ఉంటుంది, ఆ మాయలను కోస్తే చాలాసార్లు నాకు చెప్పుకోదగ్గది ఏమీ దొరకదు. అక్కడ మాయ మొదట్లో సరిగ్గానే కుదురుకుని, చివర్లో చోటుకు మించి పెరిగి తనకు తానే ఇరుకవుతుందని ఒక వాదం. తల్లికి ముందే ఉన్న స్థూలకాయం, షుగర్, బీపీ నాళాలను బలహీనపరిస్తే మామూలు మాయ భారం కూడా మోయలేకపోతాయని మరో వాదం. అసలు తల్లి గుండే ముందు తడబడుతుంది, మాయ దాని ఫలితమే అని లండన్‌లో కొందరు గట్టిగా అంటున్నారు. మాయలు కోసేవాడికి అన్నీ మాయలోనే కనిపిస్తాయని వాళ్ళు నాలాంటివాళ్ళను దెప్పొచ్చు, అందులో కొంత న్యాయం ఉంది. తొలి రకం వరకు మాత్రం నేను మాట మార్చను.

మాత్ర ఏం చేస్తుంది, ఏం చేయదు

లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా. గర్భిణులకు వాడే బీపీ మాత్రలు ప్రధానంగా ఇవి. 160/110 దాటిన బీపీ మెదడులో నాళం చిట్లకుండా ఇవి కాపాడతాయి, అది చిన్న మేలు కాదు. కానీ ఏ మాత్రా మెలికల నాళం మూతిని వెడల్పు చేయదు. "మాత్ర వేసుకుంటే 130కి దిగింది, ఇంకెందుకు తొందరపడి కాన్పు" అని ఇంటివాళ్ళు డాక్టర్‌తో వాదించేది ఇక్కడే. దిగింది అంకె. దళారులు ఇంకా పొలిమేరలో ఉన్నారు. గర్భానికి ముందు నుంచి ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ వంటివి వాడుతున్నవాళ్ళు గర్భం తెలియగానే డాక్టర్‌తో చెప్పి మార్పించుకోవాలి, అవి బిడ్డ కిడ్నీలకు చేటు.

మాయ బయటికి రావడమే మందు. 37 వారాలు నిండితే ఆగాల్సిన పని లేదు. 34 దాటి తీవ్రంగా ఉన్నా ఆగరు. అంతకు ముందైతే తల్లి ఎంత తట్టుకుంటుంది, బిడ్డ ఊపిరితిత్తులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనిచేయడానికి ఎన్ని గంటలు దొరుకుతాయి అన్న లెక్క ప్రతి పూటా కడతారు. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 60 కాన్పులు కోతతోనే జరిగాయి, ముహూర్తం చూసి కోయించుకునేవాళ్ళకు కొదువ లేదు. విడ్డూరమేమంటే ఆ ఇళ్ళల్లోనే, నిజంగా అవసరమైన రోజున "మంచిరోజు కాదు, ఎల్లుండి దాకా ఆపుర్రి" అని అడుగుతారు.

మొదట్లోనే చేయగలిగింది కొంత ఉంది. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళకు 11-14 వారాల మధ్య మొదలుపెట్టి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గిందని 2017లో ఒక పెద్ద పరిశోధన చూపించింది. నాళాల పని నడుస్తున్న వారాలు అవే మరి. ఏడో నెలలో మొదలుపెడితే ఆ లాభం ఉండదు, నెలలు నిండాక వచ్చే రకాన్ని అది ఆపలేదు కూడా. ఎవరికివ్వాలో డాక్టరే తేల్చాలి: ముందు కాన్పులో వచ్చినవాళ్ళు, బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, కవలలు ఉన్నవాళ్ళు ముందు వరుస. తిండిలో కాల్షియం తక్కువున్నచోట కాల్షియం మాత్రలూ ముప్పు తగ్గిస్తాయి. సర్కారు దవాఖానలో ఇచ్చే ఆ పెద్ద తెల్ల గోళీలు చాలా ఇళ్ళల్లో అల్మారాలోనే ఉండిపోవడం నేను చూస్తుంటాను. వేసుకోండి, ఐరన్ గోళీతో కలపకుండా వేరే పూట. సద్దుల బతుకమ్మ నాటి నువ్వుల సద్దిలో కాల్షియం దండిగా ఉంటుంది. పండగ ఏడాదికి ఒకసారే వస్తుంది, అదే చిక్కు.

ఫిట్స్‌ను ఆపేది మెగ్నీషియం సల్ఫేట్. చవకైన ఉప్పు, చూడండి, ఇక్కడ ఉప్పే ప్రాణం పోస్తుంది. 2002లో 33 దేశాల్లో పదివేల మంది స్త్రీల మీద జరిగిన మాగ్పై పరిశోధనలో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గింది. ఏటూరునాగారం నుంచి వరంగల్ దాకా దాదాపు వంద కిలోమీటర్లు. 108 బయల్దేరే ముందే పీహెచ్‌సీలో నర్సు రెండు పిరుదుల్లో 5 గ్రాముల చొప్పున లోతుగా వేసే ఇంజెక్షన్ ఆ వంద కిలోమీటర్లను దాటిస్తుంది. తెలంగాణలో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు 2018-20 నాటికి 43, దేశ సగటు 97. ఆ తేడా వెనక ఇలాంటి ఇంజెక్షన్లున్నాయి, ప్రతి నెల 9న సర్కారు దవాఖానల్లో జరిగే గర్భిణుల పరీక్షలున్నాయి, ఇంటింటికీ తిరిగే ఆశా వర్కర్ల కాళ్ళున్నాయి. బీపీ చూసేటప్పుడు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. ఎడమ పక్కకు పడుకోబెట్టి పైచేయికి చూస్తే అంకె తప్పుడుగా తక్కువ చూపిస్తుంది.

మాయ పడగానే అంతా అయిపోయిందనుకోవద్దు. దళారులు రక్తంలోంచి ఖాళీ అయినా నలిగిన నాళాల పొర బాగవడానికి రోజులు పడుతుంది. బీపీ కాన్పు తర్వాత 3 నుంచి 6 రోజుల మధ్య మళ్ళీ పెరుగుతుంది, సరిగ్గా డిశ్చార్జ్ చేసి తల్లిగారింటికి తీసుకెళ్ళే రోజులవి. గుర్రపువాతం బాలింతకూ వస్తుంది. బాలింత తల పోటని మూలిగితే చెవుల్లో దూది పెట్టుకోలేదని, చలిగాలి తగిలిందని తిడతారు. దూది పెట్టండి, కాదనను, ఆ వెంటనే బీపీ చూపించండి.

పెద్దమ్మ రిపోర్టు తీసుకుని, మాయను తిరిగి ఇమ్మంది. మట్టిల పెట్టాలె గదా అంది. మందులో నానింది, ఇవ్వరాదు, పసుపు సంచిలో పోతుంది అని చెప్పాను. ఆమెకు నచ్చలేదు. కోడలికి బీపీ గోళీ ఎన్ని రోజులని అడిగింది. దిగిందాకా డాక్టర్ చెప్పినన్ని రోజులు, ఆరు వారాలకు ఒకసారి చూపించాలి, ఆ తర్వాత ఏడాదికోసారి జీవితాంతం, అన్నాను. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్ళకు తర్వాతి కాలంలో బీపీ జబ్బు వచ్చే ముప్పు మూడు నాలుగు రెట్లు, గుండెజబ్బు ముప్పు రెండింతలు.

"మీరు ఎప్పుడు చూపించుకున్నరు పెద్దమ్మా?"

"నాకేంది మేడమ్, నేను మంచిగనే ఉన్న."

ఎప్పుడూ చూపించుకోలేదట. ఆమె కొడుకుకు ఇరవై ఆరేళ్ళు. మా ల్యాబ్‌లో బీపీ మిషన్ ఉండదు, మేం మనుషులను చూసేవాళ్ళం కాదు. మా దగ్గర పనిచేసే పిల్లను వెంటపంపి పక్క క్లినిక్‌లో కూర్చోబెట్టించాను.